ఎవరి చేతికి ఈ యంత్రము?

భద్రాచలమునుండి గోదావరి ఎడమగట్టు వెంట ఎగువకు సుమారు 25 కిలోమీటర్లు పోయినచో దుమ్ముగూడెము వచ్చును. శ్రీరాముని కథతో ముడిపడిన పర్ణశాల ఈ మండలములోనిదే. చుట్టును అడవి, అడవిలో కోయవారి గూడెములు. ఊరి యొద్ద నదిగర్భమున రాతిబండలు అడ్డముగా పరచుకొనియున్నవి. ఆ తావున కట్టిన పాత ఆనకట్ట నేటికిని నిలిచియున్నది. దానిని చూచువారు అది పొలములకు నీరు పారించుటకై కట్టినదని తలంతురు. కాని అది పుట్టినది పడవల కొఱకు.

ఆ కథ వినదగినది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప, సర్ ఆర్థర్ కాటన్ దొరకు మఱియొక కోరిక కలిగెను. నాగపురము, బిరారు ప్రాంతములలో పండు పత్తిని గోదావరి మీదుగా పడవలలో కాకినాడ రేవునకు చేర్పవలెనని ఆయన సంకల్పము. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు కలవు. మొదటిది దుమ్ముగూడెము, రెండవది ఇచ్చంపల్లి, మూడవది దేవలమర్రి. హేగ్ అను ఇంజనీరు పనికి పూనుకొనెను. దుమ్ముగూడెము కడ ఆనకట్ట కట్టి, ప్రక్కన కాలువ త్రవ్వి, పడవలు ఎక్కి దిగుటకు లాకులు నిర్మించిరి. రాయి పగులగొట్టుట ఒక కష్టము. అడవి జ్వరములు అంతకు మించిన కష్టము. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగుటచేత హిందూదేశపు పత్తికి గిరాకి పెరిగి, ఈ నీటిబాటపై ఆశలును పెరిగెను. ఇంతలో 1867లో బొంబాయి రైలు నాగపురము చేరినది. 1871లో గోదావరి పని నిలిపివేసిరి.

ఆ ఇంజనీర్లకు నేర్పు లేకపోలేదు. రాయి గుణము వారికి తెలియును, నీటి వాలు తెలియును. అయితే పత్తి వర్తకునకు కావలసినది నీటిబాట కాదు. ఏ నెలలోనైనను సరుకు చెడకుండ, చెప్పిన నాటికి రేవు చేరుట అతని అక్కర. గోదావరిలో పెద్ద పడవకు చాలిన లోతు వానకాలమున, దాని వెంట మఱి కొన్ని నెలలు మాత్రమే యుండును. ఈ సంగతి నదిపై బ్రతుకు సరంగుకు చిన్ననాటినుండియు తెలిసినదే. రైలు పండ్రెండు మాసములును నడచును. వర్తకుడు రైలు ఎక్కెను.

బాలబాలికలారా! ఈ పాఠము పడవలను గూర్చి కాదు. క్రొత్త పనిముట్టు చేయబూనువాడు మొట్టమొదట ఏమి చేయవలెనను విషయమును గూర్చి. నేడు ఇంజనీరింగు కళాశాలలలో దీనిని అవసరముల సేకరణ యను పేర ఒక శాస్త్రముగా బోధించుచున్నారు. పేరు పెద్దదే కాని పని మనకు క్రొత్తది కాదు. మన ఊరి వడ్రంగి నాగలి చెక్కుటకు ముందు రైతు ఎత్తును, అతని ఎద్దుల ఎత్తును, అతని నేల నల్లరేగడియో ఇసుక నేలయో చూచుకొనును. మేడి ఎంత పొడవుండవలెనో రైతును నిలువబెట్టి కొలుచుకొనును. యంత్రము కర్మాగారములో పుట్టి వేలకొలది ఊళ్ళకు పోవు కాలము వచ్చిన పిమ్మట చేయువానికిని వాడువానికిని నడుమ దూరము పెరిగినది. ఆ దూరమును దాటుటకే ఈ శాస్త్రము.

దూరమే లేని చోట పని ఎట్లు జరుగునో మొదట చూతము. పోచంపల్లి చీరలను మీరు ఎఱుగుదురు. నేతకు ముందే దారమునకు ముడులు కట్టి రంగులలో ముంచుట ఆ చీరల ప్రత్యేకత. ముడులు కట్టుటకు ముందు దారమును ఒక చట్రముపై లెక్కప్రకారము పేర్పవలెను. ఈ పనికే ఆసు పోయుట అని పేరు. చట్రము అర్ధచంద్రాకారముగా ఉండును. ఒక వైపున ఒక మేకు, ఎదుట వంపుగా వరుస మేకులు. దారమును పట్టుకొని ఈ మేకునుండి ఆ మేకునకు, ఆ మేకునుండి ఈ మేకునకు చేయి ఆడించుచునే ఉండవలెను. ఒక్క చీరకు సుమారు 9,000 మార్లు చేయి ముందునకును వెనుకకును పోవలెను. దినమునకు రెండు చీరల ఆసు పోసినచో 18,000 మార్లు! ఈ పని సాధారణముగా ఇంటి ఆడవారిది. కొన్ని యేండ్లకు భుజము పట్టివేయును, మోచేయి నొప్పి పుట్టును. చూపు ఒక్క క్షణము చెదరినను వరుస తప్పును. వరుస తప్పినచో చీరపై బొమ్మ చెదరును.

ఆలేరు ప్రాంతపు శారాజిపేట గ్రామములో చింతకింది మల్లేశము అను బాలుడు తన తల్లి లక్ష్మి ప్రతిదినము ఈ పని చేయుచు బాధపడుట చూచుచు పెరిగెను. బీదతనముచే ఆరవ తరగతితో అతని చదువు ఆగిపోయినది. తల్లి చేతికి విశ్రాంతి నీయగల యంత్రము చేయవలెనని 1992లో అతడు పూనుకొనెను. ఇంజనీరింగు పుస్తకము చదివినవాడు కాడు. చేతిలో డబ్బు లేదు. ఒక భాగము చేయుట, అది ఆడకపోవుట, మఱల విప్పుట, అప్పు చేయుట; ఇట్లు సంవత్సరములు గడచినవి. ఊరివారు కొందఱు నవ్విరి. నడుమ బ్రతుకుతెరువునకై హైదరాబాదు పోయి విద్యుత్తు పనులలో కూలిచేసెను. అచ్చట ఒక కార్మికశాలలో తిరుగుచున్న యంత్రపు కదలికను చూచినప్పుడు, తనకు అంతు చిక్కని చివరి భాగము అతనికి తట్టినది. 1999లో ఆసు యంత్రము పూర్తియైనది. నాలుగైదు గంటల పని గంటన్నర, రెండు గంటలలో ముగియసాగెను. దానికి అతడు తల్లి పేరే పెట్టెను: లక్ష్మీ ఆసు యంత్రము. 2017లో భారత ప్రభుత్వము అతనికి పద్మశ్రీ ఇచ్చినది.

ఇందు మీరు గమనింపవలసినది ఒకటి కలదు. పెద్ద కర్మాగారములలో ఎందఱో నిపుణులుండగా ఈ యంత్రము వారి చేతులలో పుట్టలేదు. ఏల? ఆసు పోయు స్త్రీ భుజము వారి కంట పడలేదు. ఆమె తనకు ఇట్టి యంత్రము కావలెనని ఎన్నడును అర్జీ పెట్టుకొనలేదు. చేయి నొచ్చుట బ్రతుకులో ఒక భాగమే యని తలచినది. అడిగినను ఆమె చెప్పియుండునా యనునది అనుమానమే. ప్రక్కన కూర్చుండి, ఏండ్ల తరబడి చూచినవానికి మాత్రమే అది అక్కరగా తోచినది. కనుక అడుగుట అనగా ప్రశ్న వేయుట మాత్రమే కాదు. చూచుటయు అడుగుటయే.

ఇక దూరమున్న చోట ఏమి జరుగునో చూతము. మీ ఊరిలో బోరింగు ఉండియే యుండును. 1967 ప్రాంతమున ఉత్తర హిందూస్థానమున గొప్ప కఱవు వచ్చినప్పుడు, గట్టి రాతినేలలో లోతుగా బోరు వేయు యంత్రములు వచ్చినవి. బోర్లపై బిగించిన చేతిపంపులు మాత్రము పోతయినుముతో చేసినవి. పాశ్చాత్య దేశములలో ఒక కుటుంబము తన పెరటిలో వాడుకొను పంపులకు నకళ్ళు. అచ్చట దినమునకు పది బిందెలు తోడిన పంపు ఇచ్చట తెల్లవారుజామునుండి రాత్రివఱకు ఊరంతటికి నీరీయవలసి వచ్చెను. 1974లో ఐక్యరాజ్యసమితి బాలల నిధి వారు విచారింపగా, అట్టి పంపులలో నాలుగింట మూడు వంతులు చెడి పడియున్నట్లు తేలినది. పంపును గీసినవాని మనస్సులో ఒక ఇల్లాలు మాత్రమే యున్నది. బావికడ బారులు తీరిన ఆడవారు, పిడి పట్టుకొని వ్రేలాడు పిల్లలు అతని మనస్సులోనికి రాలేదు.

ఆ పంపులకు బదులు మఱియొకటి కావలసివచ్చెను. అది మహారాష్ట్రములోని ఊళ్ళలో అప్పటికే పుట్టియున్నది. చెడిన పంపులను బాగుచేసి బాగుచేసి విసిగిన మిషను మెకానిక్కులు ఉక్కుతో, పిడి చివర గొలుసు తగిలించి క్రొత్తరకము పంపు చేసియుండిరి. దానిని షోలాపురము పంపు అనిరి. ఆ తీరునే సవరించి, ఊళ్ళలో బిగించి పరీక్షించి, 1970 తరువాతి దశకపు చివర ఇండియా మార్క్ రెండు అను బోరింగును తయారుచేసిరి. అటుపిమ్మట వచ్చిన మూడవ రకములో, నేలలోని గొట్టములన్నియు పైకి లాగకుండనే లోపలి భాగములు తీసి బాగుచేయవచ్చును. లారీయు పది మంది మనుష్యులును రానక్కఱలేదు, ఊరివారే చేసికొనగలరు. ఉత్తరప్రదేశములోని బాందా జిల్లాలో అక్షరము రాని స్త్రీలు పానాలు పట్టి చేతిపంపుల మరమ్మతు నేర్చుకొనిరి. నీరు మోయువారే పంపును విప్పగలిగిన నాడు, దానిలో ఏ భాగము ముందుగా అరుగునో వారికన్న బాగుగా చెప్పువారు లేరు.

పిల్లలను గూర్చి తలచితిమని చెప్పి పిల్లలను అడుగకుండ చేసిన పంపు కూడ ఒకటి కలదు. దక్షిణాఫ్రికాలో ఒక సంస్థ రంగులరాట్నము వంటి పంపును ప్రచారము చేసెను. పిల్లలు దానిపై ఎక్కి ఆడుచు తిరుగుచుండగా నీరు పైనున్న తొట్టిలోనికి ఎక్కును. వినుటకు ఎంత ముచ్చట! 2006లో అమెరికానుండి దానికి గొప్ప విరాళములు వాగ్దానము చేసిరి. కాని ఆట యనునది బుద్ధి పుట్టినప్పుడు ఆడి, విసుగు పుట్టినప్పుడు మానునది. పిల్లలు బడిలో ఉన్నప్పుడును, ఆట చాలించినప్పుడును, ఇంటికి నీరు కావలసిన తల్లులే వంగి ఆ చక్రమును త్రిప్పవలసి వచ్చెను. పెద్ద వయసు స్త్రీలు నలుగురిలో ఆటబొమ్మ త్రిప్పుటకు సిగ్గుపడిరి. కొన్ని యేండ్లలోనే ఆ ఉత్సాహము చల్లారినది. పాత చేతిపంపు తీసివేసి దీనిని బిగించిన ఊళ్ళలో, పాతదే మేలని జనులు చెప్పిరి.

ఈ సందర్భమున నేను పనిచేసిన ఒక బడి సంగతి చెప్పవలెను. అచ్చట త్రాగునీటి కుళాయిల వరుస క్రొత్తగా కట్టించిరి. కట్టించినవారు, చూచినవారు, సంతకము చేసినవారు, నాతో కూడ, అందఱమును పెద్దవారమే. కుళాయిలు మా నడుమునకు సరిగా వచ్చినవి. వారము దినములు గడచిన తరువాత, ఒకటవ తరగతి పిల్లలు నీరు త్రాగుట మానిరని వారి ఉపాధ్యాయిని నాతో చెప్పినది. ఎండకాలము, ఇద్దఱికి కళ్ళు తిరిగెను. పోయి చూచితిని. పిల్లల చేతులు కుళాయి తిప్పుటకు అందుటలేదు. పెద్ద తరగతుల వారిని అడుగుటకు వారికి భయము. నేను ఒక చిన్నపిల్లను పిలిచి, ఏమి చేయవలెనమ్మా యని అడిగితిని. ఆమె మాటాడలేదు. ప్రహరీ ప్రక్కనున్న బండరాయిని వ్రేలితో చూపెను. మఱునాడు ఆ రాయిని తెచ్చి కుళాయి క్రింద మెట్టుగా వేయించితిమి. ముప్పది యేండ్లుగా పాఠములు చెప్పుచున్న నాకు, గోడపై ఒక గీత గీచి పిల్లలను దాని ప్రక్కన నిలువబెట్టి చూడవలెనని తోచకపోయెను.

పిల్లలను అడుగుటనే ఒక పద్ధతిగా చేసికొన్నవారు కలరు. అమెరికాలోని మేరీలాండు విశ్వవిద్యాలయములో ఆలిసన్ డ్రూయిన్ అను ఆచార్యురాలు 1998లో ఏడు మొదలు పదునొకండు సంవత్సరముల వయసు పిల్లలను తన పరిశోధకులతో సమానముగా కూర్చుండబెట్టి పనిచేయించెను. పిల్లలు క్రొత్త పరికరమును వాడి చూచి, తమకు నచ్చినవి, నచ్చనివి, మార్పవలసినవి చిన్న చీటీలపై వ్రాసి గోడకు అంటింతురు. 2002లో లోకములోని బాలసాహిత్యమును కంప్యూటరుపై చదువుకొనుటకు ఒక గ్రంథాలయము ఏర్పరచిరి. పెద్దవారు పుస్తకమును రచయిత పేరుతోను విషయముతోను వెదకుదురు. పిల్లలకు రచయిత పేరు గుర్తుండదు. ఎఱ్ఱ అట్ట పుస్తకమని గుర్తుండును. కావున అట్టరంగును బట్టి పుస్తకము వెదకు మార్గమును ఆ గ్రంథాలయములో చేర్చిరి. ఏ పండితుని ఊహకును అది అంది యుండదని నా అభిప్రాయము. నేనును ఎన్నో యేండ్లు గ్రంథాలయపు పట్టికలు వ్రాసినవాడనే.

వృద్ధుల మాటయు ఇట్టిదే. రేషను దుకాణములలో వేలిముద్ర చూచి బియ్యమిచ్చు యంత్రములు వచ్చినవి. ఒకరి బియ్యము మఱియొకరు తినకుండ చేయుటకు అది మంచి సాధనమే. కాని జీవితమంతయు పలుగు పట్టి, కట్టెలు మోసి, తునికాకు కోసి, మట్టి పిసికిన ముదుసలి వ్రేళ్ళపై గీతలు అరిగిపోవును. యంత్రము ఆ వ్రేలిని చూచి, ఇది ఎవరిదో నాకు తెలియదనును. ముసలమ్మ తడి వ్రేలు తుడుచుకొని మఱల పెట్టును. మఱల అదే మాట. కష్టపడి పనిచేసిన గుర్తే ఆమె బియ్యమునకు అడ్డు పడెను. కంటిపాపను చూచి గుర్తించు ఏర్పాటు, ఫోనునకు సంఖ్య పంపు ఏర్పాటు తరువాత వచ్చినవి. ఫోను లేని ముసలమ్మకు ఆ సంఖ్య ఎచ్చటికి పోవును? యంత్రమును మొదట ఊరికి తెచ్చిన నాడు పదిమంది వృద్ధులచేత వ్రేలు పెట్టించి చూచినచో, ఈ చిక్కు ఆ పూటనే బయటపడును.

అడుగుటలోను నేర్పు కావలెను. ఒక గూడెమునకు పోయి, పగటివేళ, తెలుగులో అచ్చువేసిన ప్రశ్నల కాగితము చేత పట్టుకొని నిలుచున్నవానికి లభించు జవాబులు ఏపాటివి? పగలు పనిచేయువారు పొలములో, అడవిలో ఉందురు. కాగితము చూడగానే పన్ను కొఱకో, భూమి కొఱకో వచ్చితివని జంకుదురు. కుర్చీలో కూర్చున్నవాడు పటేలు గనుక అతడొక్కడే మాటాడును. అతని వెనుక నిలుచున్న కోడలు, గడపలోని అవ్వ, చెట్టుపైని పిల్లవాడు మాటాడరు. సాయంకాలము పోవలెను. కోయమాట తెలిసినవారిని వెంట గొనిపోవలెను. ఆడవారితో ఆడవారు వేఱుగా కూర్చుండవలెను. అన్నిటికన్న మించి, లేని వస్తువును గూర్చి అడిగినచో ఎవ్వరును సరిగా చెప్పలేరు. ఏదైన ఒక రూపము చేతిలో పెట్టవలెను.

దీనికి స్వీడనులో చక్కని నిదర్శనము కలదు. 1981 మొదలు 1985 వఱకు అచ్చటి పరిశోధకులు వార్తాపత్రికల అచ్చుపనివారితో కలసి, రాబోవు కంప్యూటర్లు ఎట్లుండవలెనో ఆలోచించిరి. అప్పటికి అట్టి యంత్రములు వారి చేతికి రాలేదు. కావున అట్టపెట్టెలతో బొమ్మయంత్రములు చేసి బల్లలపై పెట్టిరి. ఒక ఖాళీ పెట్టెపై ఇది అచ్చుయంత్రమని వ్రాసిరి. పనివారు ఆ పెట్టెల ముందు కూర్చుండి నిజముగా పని చేయుచున్నట్లే నటించిరి. వంగుటకు కష్టముగా ఉన్నదని ఒకడు, చేయి అందుట లేదని మఱొకడు చెప్పిరి. అట్టపెట్టె కత్తిరించుటకు ఖర్చు లేదు. ఉక్కు కోసిన తరువాత మార్చుట కష్టము. మన అడవిలో అట్టపెట్టెకు బదులు వెదురు కలదు. వెదురుతో ఏ వస్తువు రూపమునైనను పూటలో కట్టి చూపగల పనివారు గూడెములలో నేటికిని ఉన్నారు.

దుమ్ముగూడెమునకు ఆవల ఛత్తీస్‌గఢ రాష్ట్రపు బస్తరు అడవులు. అచ్చటి గోండుభాషకును మన కోయమాటకును దగ్గఱి చుట్టఱికము. 2010లో శుభ్రాంశు చౌధురి అను పత్రికా రచయిత, ఇంజనీర్ల సాయముతో, ఆ అడవి జనుల కొఱకు సీజీనెట్ స్వర అను ఏర్పాటు చేసెను. అడవిలో పత్రిక రాదు. వచ్చినను చదువగలవారు తక్కువ. చదువగలిగినను అది వారి భాషలో ఉండదు. ఎవరో ఒకరి చేతిలో ఒక చిన్న ఫోను మాత్రము కలదు. కావున వ్రాత లేని ఏర్పాటు చేసిరి. ఒక సంఖ్యకు ఫోను మ్రోగించి పెట్టివేసినచో యంత్రమే తిరిగి పిలుచును. పిలిచినవానికి పైసా ఖర్చు లేదు. ఒకటి నొక్కినచో తన మాట చెప్పవచ్చును, రెండు నొక్కినచో ఇతరుల మాట వినవచ్చును. వచ్చిన మాటల నిజానిజములు విచారించి తరువాత అందఱికి వినిపింతురు. చెడిన బోరింగులు, బడికి రాని ఉపాధ్యాయులు, అందని కూలిడబ్బులు. ఇట్టివి వారు చెప్పుకొను సంగతులు. నడుమ నడుమ పాటలును పాడుదురు. పాటలకై ఆ ఏర్పాటు చేయలేదు. అయినను జనులు పాడసాగిరి. నిర్వాహకులు వానిని త్రోసివేయక వినిపించుచు వచ్చిరి.